అలంకరణ గడ్డి దుబ్బులను చలికాలం ముందు కోయించవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక ప్రవాస తెలుగువారి పేజీలో ఇటీవల వచ్చిన తోటపని సూచనల్లో, మంచు పడకముందే పెరట్లోని మొక్కలన్నింటినీ నేలమట్టానికి కత్తిరించి శుభ్రం చేసుకోవాలని రాశారు. వంగ, టమాటా, బెండ మళ్ళకు ఆ సలహా సరిపోతుంది కానీ, ఇంటి ముందు అందం కోసం పెంచుకునే గడ్డి దుబ్బులకు, అందులోనూ మేముండే షికాగో వంటి చలి ప్రాంతాల్లో, అది పనికిరాదు సరికదా కొన్నిటికి చేటు కూడా చేస్తుంది.

మిస్కాంథస్, స్విచ్‌గ్రాస్, ఫౌంటెన్ గ్రాస్, కార్ల్ ఫోయర్‌స్టర్ వంటి అలంకరణ గడ్డి రకాలన్నీ ఏళ్ళ తరబడి బతికే మొక్కలు. పైన ఆకు ఎండిపోయినా, దుబ్బు మొదట్లో నేలను అంటుకుని ఉన్న మొగ్గలు ప్రాణంతోనే ఉంటాయి. వసంతంలో పిలకలు వేసేవి అవే. ఎండిన ఆకులు వాటికి కప్పుగా నిలవడమే కాక, పడిన మంచును గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచుతాయి కాబట్టి, ఆ పొర కింద నేల చల్లదనం ఒక్కసారిగా ఎక్కి దిగకుండా ఉంటుంది. అక్టోబరులోనే మొదలంటా కోసేస్తే, కోసిన కాడల మధ్య వాననీరు, కరిగిన మంచు చేరి, రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతూ ఉండటం వల్ల దుబ్బు నడిమి భాగం కుళ్ళే ప్రమాదం ఉంది. పైగా వెన్నుల్లో మిగిలిన గింజల కోసం జంకోల వంటి చిన్న పిట్టలు జనవరి చలిలో కూడా వాలుతుంటాయి.

షికాగో మిలీనియం పార్కులో 2004లో తెరిచిన లూరీ గార్డెన్‌కు మొక్కల కూర్పు చేసిన డచ్ నిపుణుడు పీట్ ఔడాల్ఫ్, ఎండిన గడ్డికీ పచ్చి గడ్డికీ సమానమైన విలువ ఇచ్చారు. అక్కడ చలికాలమంతా గడ్డిని అలాగే నిలిపి, చివర్లో కోస్తారు. దీపావళికి వాకిలి శుభ్రంగా ఉండాలనుకునే మన ఇళ్ళలో మాత్రం, గోధుమ రంగుకు తిరిగిన దుబ్బు కనబడితే చాలు, లాన్ కోసే మనుషులను పిలిచి అది కూడా తీయించేస్తున్నారు.

అలాగని శరదృతువులో చేయవలసిన పనేమీ లేదని కాదు. ఆ ఏడాది నాటిన దుబ్బులకు, వానలు లేకపోతే, నేల గడ్డకట్టేదాకా నీరు పెట్టాలి. ఎరువు వేయకూడదు. మిస్కాంథస్ విత్తనాలు చుట్టుపక్కల పొదల్లోకి పాకే చోట, వెన్నులు విచ్చుకోకముందే వాటిని మాత్రం తుంచి, ఆకును వదిలేయాలి. దుబ్బులను విడదీసి నాటే పనిని వసంతానికి వాయిదా వేయడం మేలు. కుండీల్లోని వేళ్ళకు నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది కాబట్టి, వాటిని వేడి పెట్టని గరాజ్‌లో ఒక మూల ఉంచి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా చూసుకోవాలి. టీలో వేసుకోవడానికి మన వాళ్ళు పెంచే నిమ్మగడ్డి ఇక్కడి చలికి బయట బతకదు. తొలి మంచుకు ముందే ఇంట్లోకి తెచ్చి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టవలసిందే.

ఎండుగడ్డిని నిలిపి ఉంచాలనే మాటకు ఒక మినహాయింపు ఉంది. కొలరాడోలోని బౌల్డర్ కౌంటీలో 2021 డిసెంబరు 30న, ఎండుగడ్డి మీదుగా గాలివాటున పాకిన మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చులో వెయ్యికి పైగా ఇళ్ళు కాలిపోయాయి. అటువంటి పొడి, గాలి ప్రాంతాల్లో ఉన్నవారు గోడకూ డెక్‌కూ ఆనుకున్న దుబ్బులను చలికాలానికి ముందే కోయించడం న్యాయం. అక్కడ దుబ్బు కంటే ఇల్లు ముఖ్యం. దీపావళి ప్రమిదలనూ కాకరపువ్వొత్తులనూ ఏ ఊరిలో ఉన్నా ఎండుదుబ్బులకు దూరంగా ఉంచాలి.

మాకు కోత కాలం మార్చి. కార్ల్ ఫోయర్‌స్టర్ తొందరగా చిగురిస్తుంది కనుక నెల మొదట్లోనే దాని పని ముగించాలి. ఆలస్యంగా మేలుకునే మిస్కాంథస్, స్విచ్‌గ్రాస్ ఏప్రిల్ మొదటి రోజుల వరకు ఆగగలవు. కోసే ముందు దుబ్బును నడుము ఎత్తున పురికొసతో బిగించి కట్టి, కట్టు కింద, నేలకు నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తులో కోస్తే, గడ్డి గాలికి చెదరకుండా మోపులాగా చేతికి వస్తుంది. మిస్కాంథస్ ఆకు అంచు రంపంలా చర్మాన్ని కోస్తుంది కాబట్టి చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. నీలి రంగు ఫెస్క్యూ దుబ్బులను కోయకుండా, తొడుగు వేసుకున్న వేళ్ళతో దువ్వితే ఎండుపోచలు వాటంతట అవే ఊడివస్తాయి.

అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించి విడుదల చేసిన మొక్కల చలి మండలాల పటంలో (అంకె చిన్నదయ్యేకొద్దీ చలి ఎక్కువ) మా షికాగో పరిసరాలు 5, 6 మండలాల్లోనూ, హ్యూస్టన్ 9వ మండలంలోనూ ఉన్నాయి. అక్కడి తెలుగువారు నిమ్మగడ్డిని నేలలోనే పెంచుకోగలరు. కాబట్టి ఇకముందు ఈ శీర్షికలో ఇచ్చే ప్రతి సూచన పక్కన, అది ఏ మండలానికి వర్తిస్తుందో ఆ అంకె కూడా వేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నేపర్‌విల్, ఇల్లినాయిస్