పాత బుల్లెట్ల సంఘం వార్షిక నివేదిక: ఎనిమిది బల్లల మీద 1955 సీజన్

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. లేకపోయినా రాసేవాణ్ణే, ఎందుకంటే ఈ ఏడాది ఏ పని ఎవరు చేశారో ఒకచోట కాగితం మీద ఉండాలి. సంఘం ఉద్దేశాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. నెలవారీ రైడ్లు తొమ్మిది జరిగాయి, మూడు వానకు పోయాయి. కార్బ్యురేటర్లు విప్పి చూపించే కార్యక్రమం రెండుసార్లు పెడితే రెండుసార్లూ అవే ఐదు బళ్లు వచ్చాయి.

ఇక అసలు సంగతి, 1955 మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రీ సీజన్, అంటే ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసుల మీద మనం ఒక ఆదివారం పెట్టిన ప్రదర్శన. వేరే ఏడాది ఏదైనా తీసుకోవచ్చు కదా అని కమిటీలో కొందరు అడిగారు. మద్రాసులో బుల్లెట్లు బిగించడం మొదలైంది ఆ ఏడాదే, అంతకన్నా ఏం కావాలి అన్నాను. 500 సీసీలో ఎనిమిది రేసులు కాబట్టి ఎనిమిది బల్లలు వేశాం, బల్లకో ఊరు: బార్సిలోనా, రీమ్స్, ఐల్ ఆఫ్ మాన్, నూర్బుర్గ్‌రింగ్, స్పా, ఆసెన్, డండ్రాడ్, మోంజా. స్విట్జర్లాండ్‌కి బల్ల ఏదని ఒకాయన నిలదీశారు. ఆ జూన్‌లో లె మాన్ కార్ల రేసులో ఎనభై మందికి పైగా చనిపోయాక ఆ దేశం సర్క్యూట్ రేసులనే నిషేధించింది, అందుకే లేదు. గుమ్మం పక్కన రైడర్ రే ఆమ్ పేరుతో చిన్న దీపం పెట్టాం. సీజన్ మొదలవకముందే, ఏప్రిల్‌లో, ఎంవీ అగస్టా బండి మీద తన మొదటి రేసులోనే ఇటలీలోని ఇమోలాలో పడి చనిపోయాడు.

అందరూ మూగిన బల్ల ఐల్ ఆఫ్ మాన్. అక్కడి 500 సీసీ రేసు సీనియర్ టీటీలో జెఫ్ డ్యూక్ గిలెరా బండి మీద ఒక ల్యాప్ గంటకు 100 మైళ్ల వేగంతో కొట్టాడని మైకులో చెప్పేశారు, జనం ఊగిపోయారు, తీరా లెక్క సరిచూస్తే 99.97. ముప్ఫై ఏడు మైళ్లు దాటిన ల్యాప్‌లో తేడా ఒక్క సెకను కూడా లేదు. పిల్లలకి ఇది ఎక్కడంలేదని మన లెక్కల మాస్టారు ఇద్దరు పిల్లల చేతికి రెండు స్టాప్‌వాచ్‌లిచ్చి, ఒక స్కూటర్‌ని హాలు చుట్టూ తిప్పించారు. ఇద్దరూ ఒకేసారి నొక్కామన్నారు, వాచీలు మాత్రం అర సెకను తేడా చూపించాయి. ఒక పిల్లాడు నీదే తప్పంటే నీదే తప్పని రెండోవాడు, వాళ్లని విడదీసేసరికి టీ చల్లారింది. ఆ 100 దాటింది 1957లో, అదీ డ్యూక్ కాదు, బాబ్ మెకింటైర్. బండి మాత్రం గిలెరాయే.

250 సీసీకి ఒక మూల చార్టు ఒక్కటే పెట్టాం, దాని దగ్గర పెద్దవాళ్లే ఎక్కువ నిలబడ్డారు. కంపెనీ రేసుల్లోంచి తప్పుకున్నాక, అమ్మకానికి పెట్టిన ఎన్‌ఎస్‌యూ స్పోర్ట్‌మాక్స్ మీద హెర్మన్ పాల్ ముల్లర్ 45 ఏళ్ల వయసులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మోకాళ్ల నొప్పులని రైడ్లకి రాని సభ్యులు ఇది రెండుసార్లు చదువుకోగలరు. 350లో బిల్ లోమాస్, 125లో ఉబ్బియాలి, వాళ్ల చార్టులు సమయానికి ప్రింటు కాలేదు, క్షమించాలి.

ఆసెన్ బల్ల నాది. ఆ ఏడాదే కొత్తగా కట్టిన సర్క్యూట్‌ని నేల మీద సుద్దముక్కతో నేనే గీశాను, నడుం ఇంకా పట్టేసే ఉంది. సొంత నార్టన్లు, ఏజేఎస్‌లు వ్యాన్లలో వేసుకుని ఊరూరా తిరిగే రైడర్లకి అప్పట్లో బతుకుతెరువు రేసులో దిగినందుకు నిర్వాహకులిచ్చే డబ్బు, స్టార్ట్ మనీయే. స్టాండ్లు నిండినా వీళ్ల చేతికి వచ్చేది పెట్రోలు ఖర్చుకే సరిపోయేది కాదు. అందుకని 350 రేసులో డజను మంది దాకా ఒక్క ల్యాప్ వేసి, బళ్లు పిట్స్‌లోకి తెచ్చి ఆపేశారు. బండి కంపెనీ తరఫున నడిపే ఫ్యాక్టరీ రైడర్ డ్యూక్‌కి ఆ అవసరం లేదు, అయినా వాళ్ల పక్షాన నిలబడ్డాడు. గిలెరాలో అతని తోటి రైడర్ రెగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా. 500 రేసు ఆగిపోతుందని భయపడి నిర్వాహకులు డబ్బు పెంచారు. తర్వాత అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం ఆ ఇద్దర్నీ, మరో డజను మందినీ 1956 జనవరి నుంచి ఆరు నెలలు సస్పెండ్ చేసింది. 1955లో 500 సీసీ టైటిల్ గెలిచిన డ్యూక్ 1956 సగం ఇంట్లో కూర్చున్నాడు, టైటిల్ జాన్ సర్టీస్‌కి పోయింది. ఆఫీసులు ఎక్కడైనా ఒకటే. మన రైడుకి అనుమతి కోసం నేను ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను, ఐదోసారి వెళ్తే ఫైలు వేరే సీటుకి వెళ్లిందన్నారు.

ఇక వాలంటీర్లు. పదకొండు మంది పేర్లిచ్చారు, పొద్దున్న వచ్చింది నలుగురు. ఆసెన్‌లో వాళ్లు కనీసం ఒక ల్యాప్ వేశాక ఆగారు బాబూ! పేర్లు రాయొద్దని అధ్యక్షులు అన్నారు కాబట్టి రాయడం లేదు. వచ్చిన నలుగురికీ, బల్లలిచ్చిన టెంట్ హౌస్ వారికీ, ఎనిమిదిసార్లు టీ పెట్టిన మా వదినగారికీ, పాత పత్రికల బొమ్మలు స్కాన్ చేసిచ్చిన అమ్మాయికీ, చివర్లో నేల కడిగిన వాచ్‌మన్‌కీ పేరుపేరునా ధన్యవాదాలు.

లెక్కలు: చందాలు వచ్చాయి, ఖర్చు కాస్త ఎక్కువైంది, తేడా ఇద్దరు సభ్యులు సర్దారు. కాగితాలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, చూడాలనుకునేవారు సమావేశానికి అరగంట ముందు రండి. పాత చందా బాకీ ఉన్నవాళ్లు అది పట్టుకుని రండి.

ఇంకొకటి. మాస్టారి స్టాప్‌వాచ్‌లు రెండింట్లో ఒకటి ఆ రోజు నుంచి కనిపించడం లేదు. ఎవరి జేబులో ఉందో వాళ్లు సమావేశానికి తెచ్చి బల్ల మీద పెట్టేయండి, ఎవరూ ఏమీ అడగరు.