ఆర్నెల్ల డ్యూటీకి పోయే ముందు

సంపాదకులకు,

భద్రకాళి బండ్ మీద పొద్దున వాకింగ్‌లో మా ఆడవాళ్ల మాట ఒకటే: "నీ వంతు ఎప్పుడు వదినె?" వంతంటే అమెరికాలో మనుమల దగ్గర ఆర్నెల్లు. విజిటర్ వీసా మీద పోతే మామూలుగా ఒకసారికి అంతకు మించి ఉండనివ్వరు. అందుకే అమ్మమ్మ ఇక్కడ దిగేసరికి బాపమ్మ అక్కడికి ఎక్కుతుంది. పిల్లతల్లి ఉద్యోగం నిలిచేది ఈ వంతుల మీదే.

నేను రిటైర్డ్ టీచర్‌ను. బిడ్డ కాన్పుకు డల్లాస్ పోయాను. అక్కడి 1993 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు. జీతం ఉండదు, చిన్న కంపెనీలకైతే అదీ వర్తించదు. మన చట్టంలో 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాలు. అక్కడ తక్కువపడ్డ ఆ నెలలన్నీ బీపీ గోలీలు మూటగట్టుకుని పోయిన మాలాంటి వాళ్ల మీద పడతాయి. బాలింతకు పథ్యం వండడం, పసిదానికి నూనె రాసి నీళ్లు పోయడం నాకు సంతోషమే. దానికి లెక్క అడగను.

రెండో నెలలో గుండెదడ వచ్చింది. బీపీ పాత జబ్బు, కవర్ కాదన్నారు ఇన్సూరెన్స్ వాళ్లు. బిల్లు చూసి అల్లుడు ఒక్క మాటనలేదు, నాకే అన్నం సహించలేదు. ఇక్కడ మా సారు మోకాళ్ల నొప్పులతో, షుగర్‌తో ఒక్కరే. మూడు రోజులు జ్వరమొచ్చిన సంగతి నేను తిరిగొచ్చాకే తెలిసింది.

కెనడా సూపర్ వీసా తాతలను, అమ్మమ్మలను ఒకసారికి ఐదేళ్ల దాకా ఉండనిస్తుంది. కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా కాగితం ముందే చూపించమంటుంది. అమెరికా వీసా నియమాలు మన చేతిలో లేవు. గల్ఫ్ కార్మికుల కోసం 2024లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి అని ఫిర్యాదులు తీసుకునే కౌంటర్ పెట్టిన రాష్ట్ర ప్రభుత్వం, హన్మకొండ కలెక్టరేట్‌లో మా కోసం ఒక బల్ల, ఒక మనిషిని పెట్టలేదా? బీమా పాలసీలో ఏది వస్తుందో ఏది రాదో తెలుగులో చెప్పాలి. వెనక ఒంటరిగా మిగిలిన ముసలాయనకు వారానికోసారి ఫోన్ చేసి అడగాలి. అంతే.

మా పక్కింటావిడ వచ్చే నెల పోతోంది. నిన్న సాయంత్రం పాలసీ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది, అన్నీ ఇంగ్లిష్‌లోనే. సగం నాకూ అర్థం కాలేదు.

- ఓ రిటైర్డ్ టీచర్, హన్మకొండ