అమెరికా జాయింట్ రిటర్న్ మీద సంతకం పెట్టేముందు ఇండియాలో ఉన్నవాళ్ళకి చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ పేపర్లో అమెరికా వీసాల గురించి, గ్రీన్‌కార్డ్ క్యూల గురించి వివరంగా రాస్తుంటారు, మా ఇంట్లో అందరం చదువుతాం. కానీ జనవరి వచ్చిందంటే ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక ప్రశ్న గురించి మాత్రం తెలుగులో సరైన సమాచారం నాకెక్కడా కనపడలేదు. పెళ్ళయింది, ఆయన అమెరికాలో, ఆవిడ ఇంకా ఇండియాలోనే (కొన్ని ఇళ్ళలో ఇది తిరగబడి కూడా ఉంటుంది), వీసా రాలేదు లేదా అక్కడి ఉద్యోగం వదులుకోలేక ఆగిపోయింది, మరి ఇక్కడ ట్యాక్స్ జాయింట్‌గా, అంటే ఇద్దరి లెక్కా కలిపి ఒకే రిటర్న్‌లో, ఫైల్ చేయొచ్చా? జవాబు ఒక్క లైన్లో వచ్చేస్తుంది, "చేసేయండి బ్రో, రీఫండ్ ఎక్కువొస్తుంది" అని. ఆ జవాబు తప్పని నేననను, అది సగమే అంటాను. మిగతా సగం ఇండియాలో కూర్చుని సంతకం పెట్టే మనిషికి ఎవరూ చెప్పట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ మొదటి సగం సంగతి. లాభం నిజమే, చిన్నదేం కాదు. 2025 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్ విడిగా ఫైల్ చేస్తే 15,750 డాలర్లు, జాయింట్‌గా అయితే 31,500. ఇక్కడ ఉన్నాయనకి 90,000 డాలర్ల జీతం, అక్కడ ఉన్నావిడకి ఆదాయం ఏమీ లేదు అనుకోండి. విడిగా చేస్తే ఫెడరల్ ట్యాక్స్ దాదాపు 11,250 డాలర్లు పడుతుంది, జాయింట్‌గా చేస్తే 6,540 దగ్గర ఆగుతుంది. అంటే 4,700 డాలర్ల తేడా, అది చూసి ఎవరైనా ఆశపడతారు, పడాలి కూడా. కొంతమంది భార్య ఇక్కడ లేదు కదా అని "సింగిల్" అని టిక్ పెట్టేస్తున్నారు, అది మాత్రం అస్సలు కుదరదు, డిసెంబర్ 31 నాటికి పెళ్ళయి ఉంటే ఆవిడ ఎక్కడున్నా మీరు సింగిల్ కాదు.

ఇప్పుడు రెండో సగం. మొన్న మా చిన్నాన్న కూతురు ఇండియా నుంచి ఫోన్ చేసి "అక్కా, ఏదో ట్యాక్స్ కాగితమంట, సంతకం పెట్టి స్కాన్ చేసి పంపమన్నారు ఆయన, పెట్టేయనా?" అని అడిగింది. నాకు పంపమని చూశాను. రిటర్న్‌లో సంతకం పెట్టాల్సిన చోట పసుపు రంగు మార్క్ చేసి ఉంది, దాని వెనకాల విడిగా ఒక్క పేజీ, మొత్తం నాలుగైదు లైన్లు. మాలో ఒకరు సంవత్సరం చివరి రోజున నాన్ రెసిడెంట్ ఏలియన్ (అమెరికా పన్ను లెక్కల్లో నివాసి కాని విదేశీ వ్యక్తి), ఇంకొకరు అమెరికా సిటిజన్ లేదా రెసిడెంట్, ఇద్దరం ఈ సంవత్సరం మొత్తానికి అమెరికా రెసిడెంట్లుగా పరిగణించబడాలని కోరుకుంటున్నాం అని, కింద ఇద్దరి పేర్లు, అడ్రసులు, నంబర్లు. అంతే. ఆ పిల్ల రిటర్న్ గురించి అడిగింది గానీ ఈ పేజీ ఉందని కూడా గమనించలేదు. అసలు బరువంతా ఉన్నది ఈ పేజీలోనే.

దీన్ని ట్యాక్స్ చట్టంలో 6013(జి) ఎలక్షన్ అంటారు, ఎలక్షన్ అంటే ఇక్కడ ఓట్లు కాదు, మనం కోరి ఎంచుకోవడం. ఇది పెట్టాక ఇండియాలో ఉన్న మనిషి, అమెరికా నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టకపోయినా, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల్లో అమెరికా రెసిడెంటే. అంటే ఆవిడకి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి, జీతం, ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, షేర్ల మీద లాభం, అన్నీ. మనకిది ఎందుకు తట్టదంటే ఇండియాలో జాయింట్ రిటర్న్ అనేదే లేదు, ఎవరి పాన్ వాళ్ళది, ఎవరి రిటర్న్ వాళ్ళది, మొగుడి రిటర్న్ మీద సంతకం పెడితే నా ఎఫ్‌డీ లెక్క వేరే దేశానికి చెప్పాల్సొస్తుందని ఎవరనుకుంటారు చెప్పండి.

జీతం గురించైతే నేను పెద్దగా భయపెట్టను. ఇండియాలో కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ఫారం 1116 మీద ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ (అక్కడ కట్టిన పన్నుని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోవచ్చు, లేదంటే షరతులు సరిపోతే (12 నెలల్లో 330 పూర్తి రోజులు విదేశంలోనే ఉండటం లాంటివి) ఫారం 2555 మీద 2025కి 130,000 డాలర్ల వరకు అక్కడి సంపాదనని పక్కన పెట్టొచ్చు. పైన చెప్పిన జంటలో ఆవిడకి 40,000 డాలర్లకి సమానమైన జీతం ఉన్నా సరే ఇవి వాడుకుంటే జాయింటే లాభం వచ్చే అవకాశం ఎక్కువ.

చిక్కు వచ్చేది జీతం కాని వాటితో, ముఖ్యంగా ఇండియాలో పన్ను లేనివాటితో. పీపీఎఫ్ వడ్డీకి అక్కడ పన్ను లేదు, ఇక్కడ ఉంది. పొలం కౌలు డబ్బు అక్కడ వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు, ఇక్కడ మాత్రం అద్దె ఆదాయమే. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన రెండెకరాలు ఉందనుకోండి, మున్సిపాలిటీకి దూరంగా ఉన్న పల్లె పొలం అయితే అమ్మినా ఇండియాలో క్యాపిటల్ గెయిన్స్ పడదు, కాబట్టి ఎవరూ దాన్ని ట్యాక్స్ విషయంగానే చూడరు, కానీ ఎలక్షన్ నడుస్తున్న సంవత్సరంలో అమ్మితే ఆ లాభం అమెరికా రిటర్న్‌లోకి వస్తుంది, పైగా అది గిఫ్ట్‌గా వచ్చింది కాబట్టి తల్లిదండ్రులు ఎప్పుడో కొన్న పాత ధర నుంచే లాభం లెక్క కడతారు. అక్కడ పన్నే కట్టలేదు గనక దానికి ఎదురు చూపించుకోడానికి క్రెడిట్ కూడా ఉండదు. నాలుగు వేల డాలర్ల కోసం పెట్టిన సంతకం అంతకి ఎన్నో రెట్లు లాక్కుపోతుంది.

ఇంకోటి మ్యూచువల్ ఫండ్స్. ఉద్యోగం చేసే ప్రతి అమ్మాయికీ ఇప్పుడు సిప్‌లు ఉంటున్నాయి. ఇండియా మ్యూచువల్ ఫండ్స్‌ని ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పీఫిక్ కింద, అంటే కఠినమైన పన్ను రూల్స్ ఉన్న విదేశీ పెట్టుబడి కంపెనీల కింద, చూస్తుంది, అమ్మితే మామూలు క్యాపిటల్ గెయిన్ రేటు కాదు, లాభాన్ని పట్టుకున్న ఏళ్ళన్నిటికీ పరిచి పాత ఏళ్ళ భాగానికి టాప్ రేటు వేసి పైన వడ్డీ కూడా కలుపుతుంది, ఒక్కో ఫండ్‌కి ఒక్కో ఫారం 8621. ఐదు సిప్‌లుంటే ఐదు ఫారాలు, అది నింపడానికి ట్యాక్స్ ప్రిపేరర్ అడిగే ఫీజు వేరే. విదేశీ ఆర్థిక ఆస్తులు (బ్యాంకు అకౌంట్లు, ఫండ్స్ లాంటివి) ఒక పరిమితి దాటితే ఫారం 8938 కూడా పెట్టాలి, ఇద్దరూ ఇక్కడే ఉండే జాయింట్ ఫైలర్లకి ఏడాది చివర 100,000 డాలర్లు దాటినా, మధ్యలో ఎప్పుడైనా 150,000 దాటినా వర్తిస్తుంది, ఇద్దరిలో ఒకరు విదేశంలో నివసిస్తుంటే ఆ పరిమితులు 400,000, 600,000. ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు అకౌంట్ల గురించి అమెరికాకి విడిగా ఇచ్చే రిపోర్ట్) సంగతి వేరు, కేవలం ఈ ఎలక్షన్ పెట్టినంత మాత్రాన ఆవిడ సొంత అకౌంట్లకి ఎఫ్‌బార్ అక్కర్లేదు, కానీ ఆయన పేరు కూడా ఉన్న జాయింట్ అకౌంట్ ఉంటే ఆయన లెక్కలోకి అది వస్తుంది, ఆయన విదేశీ అకౌంట్లన్నీ కలిపి ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే రిపోర్ట్ చేయాలి. ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించే విషయం, చాలామంది ఇది ఒక్క ఏడాదికే అనుకుంటున్నారు. ఈ ఏడు జాయింట్ చేసి రీఫండ్ తీసుకుందాం, వచ్చే ఏడు పొలం అమ్మేటప్పుడు విడిగా చేద్దాం అని ప్లాన్ వేసుకునేవాళ్ళున్నారు. అలా జరగదు. మొదటి ఏడాది స్టేట్‌మెంట్ పెట్టాక అది తర్వాతి ఏళ్ళకీ నడుస్తూనే ఉంటుంది. వచ్చే ఏడు విడిగా ఫైల్ చేసుకోవచ్చు, కానీ అప్పుడు కూడా ఆవిడ రెసిడెంటే కాబట్టి ఆవిడ ప్రపంచ ఆదాయం ఆవిడ సొంత అమెరికా రిటర్న్‌లో చూపించాలి. రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, కానీ ఒకసారి రద్దయితే ఆ ఇద్దరిలో ఎవరూ జీవితంలో మళ్ళీ ఈ ఎలక్షన్ పెట్టడానికి లేదు. దీనికి తోడు జాయింట్ రిటర్న్‌లో ఏదైనా తప్పు ఉంటే మొత్తం బాకీకి ఇద్దరూ బాధ్యులే, ఆయన ఇక్కడ ఏం చూపించాడో ఏం దాచాడో తెలియని ఆవిడ కూడా. విడాకుల దాకా వెళ్ళిన ఇళ్ళలో ఇది ఎంత దూరం పోతుందో ఊహించుకోండి. ఇన్నోసెంట్ స్పౌజ్ రిలీఫ్ (తప్పుతో సంబంధం లేని భార్య లేదా భర్తకి ఆ బాకీ నుంచి మినహాయింపు) అని ఉంది, ఫారం 8857, కానీ నాకు తెలియదు అని నిరూపించుకోవాల్సిన పని ఆవిడ మీద పడుతుంది.

ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ బదులు ఐఆర్ఎస్ ఇచ్చే ట్యాక్స్ నంబర్) గురించి కూడా రెండు మాటలు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్ళకి ఫారం డబ్ల్యూ-7ని (ఐటిన్ అప్లికేషన్) జాయింట్ రిటర్న్‌తో కలిపి టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న ఐఆర్ఎస్ ఆఫీసుకి పోస్ట్‌లో పంపాలి. నోటరీ స్టాంప్ వేసిన పాస్‌పోర్ట్ కాపీ చెల్లదు, చాలామందికి వెనక్కొచ్చేది దీనివల్లే. ఒరిజినల్ పాస్‌పోర్ట్ గానీ, దాన్ని ఇచ్చిన ఆఫీసు సర్టిఫై చేసిన కాపీ గానీ కావాలి, లేదా ఐఆర్ఎస్ గుర్తించిన సర్టిఫయింగ్ ఏజెంట్ దగ్గర చూపించుకోవాలి, ఇలాంటివాళ్ళు ఇండియాలో కూడా ఉన్నారు. మామూలుగా 7 వారాలు, సీజన్లో గానీ విదేశాల నుంచి పంపినా గానీ 9 నుంచి 11 వారాలు అని ఐఆర్ఎస్సే చెప్తోంది, వీసా ఇంటర్వ్యూ ఎదురుగా పెట్టుకుని ఒరిజినల్ పాస్‌పోర్ట్ సముద్రాలు దాటించొద్దు.

అసలు ఇంత హడావిడి అక్కర్లేదు కూడా. ఏప్రిల్ 15 లోపు ఆయన మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్‌గా (పెళ్ళయినా విడిగా) వేసేయొచ్చు, భార్య నంబర్ అడిగిన చోట ఎన్ఆర్ఏ (నాన్ రెసిడెంట్ ఏలియన్) అని రాస్తే సరిపోతుంది. తర్వాత నిదానంగా ఇద్దరూ కూర్చుని రెండు రకాలుగా లెక్క వేసుకుని, జాయింటే మంచిదనిపిస్తే అసలు గడువు నుంచి 3 ఏళ్ళ లోపు ఫారం 1040-ఎక్స్‌తో (రిటర్న్ సవరించే ఫారం) మార్చుకోవచ్చు, డబ్బు వెనక్కొస్తుంది. జాయింట్ నుంచి సెపరేట్‌కి మారడం మాత్రం గడువు దాటాక కుదరదు. ఒకటి వెనక్కి తిప్పుకోగలిగిన దారి, ఇంకోటి కాదు, అలాంటప్పుడు ముందు ఏది ఎంచుకోవాలో ఎవరికైనా అర్థమవుతుంది, కానీ ఈ సంగతి చెప్పేవాళ్ళేరి?

మా చెల్లెలికి నేను చెప్పింది ఇదే, ఈ ఏడు ఆగు, నీ పేరున ఏమేమున్నాయో జనవరి నుంచి డిసెంబర్ వరకు లెక్క రాయి అని. అది రాయడానికే తను నానా తంటాలు పడింది, ఎందుకంటే ఇండియా బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చికి ఉంటుంది, అమెరికాది క్యాలెండర్ సంవత్సరం, రెండేళ్ళ సర్టిఫికెట్లు పెట్టుకుని మూడేసి నెలల చొప్పున విడదీయాల్సొచ్చింది. ఆ పని చేస్తుంటేనే తనకి ఒక ఎఫ్‌డీ, ఒక పాత ఫండ్ ఉన్న సంగతి గుర్తొచ్చింది, వాళ్ళాయనకి వాటి సంగతే తెలియదు. అలాంటప్పుడు ఆయన నింపిన రిటర్న్ సరైనదెలా అవుతుంది?

మీకు నా మనవి ఒకటే. ట్యాక్స్ సీజన్ మొదలయ్యే జనవరిలో ఒక పేజీ ఈ విషయానికి కేటాయించండి, ఐఆర్ఎస్ పబ్లికేషన్ 519లో ఈ ఎలక్షన్ గురించి ఉన్న భాగాన్ని ఎవరైనా సీపీఏ (అమెరికాలో మన సీఏ లాంటివారు) గారి చేత మామూలు తెలుగులో రాయించండి, ఆ ఒక్క పేజీ స్టేట్‌మెంట్‌ని తెలుగులో పక్కనే వేయండి. అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం కాదు, వాళ్ళకి అడగడానికి మనుషులున్నారు. ఇండియాలో ఫోన్లో పీడీఎఫ్ తెరిచి సంతకం ఎక్కడ పెట్టాలా అని వెతుక్కునేవాళ్ళ కోసం, వాళ్ళ అమ్మానాన్నల కోసం వేయండి, వాళ్ళింట్లో పొద్దున్నే వచ్చేది మీ పేపరే.

ఇట్లు
మీ పాఠకురాలు,
న్యూజెర్సీ