రవాణా మంత్రి గారూ, ట్రాలీ టైరు మీద అంకెలు ఒకసారి చదివించండి

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. తాడిపత్రిలో టైర్ల షాపు నడుపుతున్నాను. మా చుట్టుపక్కల బండల ఫ్యాక్టరీలకు రాయి మోసే ట్రాక్టర్ ట్రాలీల గురించి ఈ ఉత్తరం.

షాపుకొచ్చే ట్రాలీవాళ్లు ఎక్కువమంది అడిగేది ఒకటే, "అన్నా, పదహారు ప్లై ఉందా?" అని. అది వేస్తే ఎంత బరువైనా ఆగుతుందని వాళ్ల నమ్మకం. ప్లై అంటే పొర, కానీ లోపల పదహారు పొరలేం ఉండవు సార్. నూలు దారంతో టైర్లు చేసిన కాలంలో పొరలు లెక్కపెట్టేవాళ్లు, నైలాన్ వచ్చాక తక్కువ పొరలతోనే ఆ బలం వస్తోంది, లెక్క మాత్రం పాతదే నడుస్తోంది. పైగా అదే పదహారు ప్లై చిన్న సైజులో మోసే బరువు వేరు, పెద్ద సైజులో వేరు. అసలు చూడాల్సింది టైరు పక్కన అచ్చు వేసి ఉండే లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె. 121 అంటే ఒక్కో టైరుకు 1450 కిలోలు, 130 అంటే 1900. దాని వెంట ఏ8 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్ల వేగం వరకే ఆ లెక్క, అదీ కంపెనీ చెప్పినంత గాలి ఉంటేనే.

ఇప్పుడు బండల సంగతి చూడండి. ఘనపుటడుగు రాయి సుమారు 75 కిలోలు తూగుతుంది. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున్న ట్రాలీలో ఒక్క అడుగు ఎత్తు పేర్చినా నాలుగున్నర టన్నులు, చూసేవాళ్లకు సగం కూడా నిండలేదనిపిస్తుంది. లోడ్ ఇండెక్స్ 130 ఉన్న టైర్లు రెండు వేసిన ట్రాలీకి మొత్తం మోత 3800 కిలోలు, ట్రాలీ సొంత బరువు కూడా అందులోనే. కొంత భారం ట్రాక్టర్ హుక్కు మీద పడుతుంది, అయినా చాలదు.

ఇక గాలి. ఎండలకు పేలుతుందని భయపడి గాలి తగ్గించి కొట్టించుకుంటారు, జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. గాలి తక్కువైతే టైరు పక్కభాగం తిరిగిన ప్రతిసారీ నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికి పొరలు విడిపోతాయి. అట్లాంటి టైరు విప్పితే లోపల చుట్టూ నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, దారాలు తెగి బయటికి కనిపిస్తాయి. ఆ లోడు మీద కూలీలు కూర్చుని వస్తుంటారు సార్. టైరు పేలి ట్రాలీ పక్కకు ఒరిగితే బండల కింద పడేది వాళ్లే.

చట్టం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 95వది టైరు సైజు, ప్లై రేటింగ్ గురించే. 2019 సవరణతో ఓవర్‌లోడ్‌కు 20 వేలు, పైన టన్నుకు 2 వేల చొప్పున జరిమానా కూడా ఉంది. కానీ ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం తనిఖీ చేసేటప్పుడు లైట్లు, రేడియం స్టిక్కర్లు చూసినంత శ్రద్ధగా టైరు మీద అంకె చదవడం నేను చూడలేదు. ఒకవైపు కొత్త టైరు, రెండోవైపు లారీకి పనికిరాదని తీసేసిన టైరు వేసుకుని కూడా తిరుగుతున్నారు.

అందుకే అడుగుతున్నా. ఎఫ్‌సీకి వచ్చిన ప్రతి ట్రాలీ లోడ్ ఇండెక్స్ చదివించి, ఆర్‌సీలో ఉన్న బరువుతో సరిపోల్చమని చెప్పండి. వెనక డోరు మీద ఎన్ని కిలోలు వేయాలో, ఎంత గాలి ఉండాలో తెలుగులో పెయింటు చేయించండి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవాలని కూడా రాయించండి. టైర్లు మార్చుకోవడం ఖర్చుతో కూడిన పని కాబట్టి కొంత గడువిచ్చి, ఆ తర్వాతే ఫైన్లు మొదలుపెట్టండి. ముందు తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల దారుల్లో చేసి చూడండి. తెలుగులో పోస్టరు వేయించి పంపితే మా షాపు గోడకు నేనే అంటిస్తాను, వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
తాడిపత్రి టైర్ల షాపువాడు