చెక్‌పాయింట్ చార్లీ తీసెయ్ బాబాయ్

బాబాయ్,

ఎలా ఉన్నావ్? పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఫిజియోథెరపీకి వెళ్తోందా లేక పక్కింటావిడ ఇచ్చిన తైలమే రాస్తోందా? మేం బానే ఉన్నాం, న్యూరెంబర్గ్‌లో చలి మొదలైంది, పొద్దున్నే పిల్లాడికి స్వెటర్ తొడగాలంటే ఇల్లంతా పరిగెత్తాలి.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన యూరప్ టూర్ లిస్టు చూశాను. కాశీ, అయోధ్య, అమృత్‌సర్ తిప్పేవాడివి ఏకంగా జర్మనీ దాకా వచ్చేశావు, సంతోషం. కానీ బెర్లిన్ దగ్గర "గోడ – చెక్‌పాయింట్ చార్లీ, ఫొటో స్టాప్, 45 నిమిషాలు" అని రాశావు చూడు, అది తీసెయ్. ఫోన్లో చెప్తే మధ్యలోనే సర్లే సర్లే అనేస్తావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

అక్కడ చరిత్ర లేదని కాదు. బెర్లిన్‌ని రష్యా వైపు తూర్పు, అమెరికా వైపు పడమర అని గోడ రెండు ముక్కలు చేసిన రోజుల్లో, అటూ ఇటూ దాటే గేటు అది. 1961 అక్టోబర్‌లో అమెరికా ట్యాంకులు, రష్యా ట్యాంకులు ఎదురెదురుగా నిలబడింది ఆ రోడ్డు మీదే. కానీ ఇప్పుడు వెళ్తే రోడ్డు మధ్యలో ఓ చిన్న గుడిసె, దాని ముందు ఇసక బస్తాలు, చుట్టూ సావనీర్ షాపులు, అంతే. ఆ గుడిసె కూడా నకలు, అసలుది మ్యూజియంలో ఉంది. ఇదివరకు సైనికుల వేషం వేసుకుని, జెండా పట్టుకుని, ఫొటోకి ఇంతని డబ్బులు గుంజేవాళ్ళు, చివరికి 2019లో ఆ దందా బంద్ చేయించారు. మనోళ్ళు అక్కడ దిగి సెల్ఫీలు తీసుకుని మళ్ళీ బస్సెక్కుతారు, గోడ ఎందుకు కట్టారో, ఎవరు చచ్చిపోయారో ఒక్కడికీ తెలీదు. లక్షలు పోసుకుని వచ్చేది దానికా?

దాని బదులు బెర్నవర్ స్ట్రాసే పెట్టు. అదీ బెర్లిన్‌లోనే, టికెట్ లేదు, మెట్రో స్టేషన్ పేరు కూడా అదే. ఆ వీధి సంగతి ఏంటంటే, ఓ పక్కన ఇళ్ళు తూర్పు బెర్లిన్‌వి, గుమ్మం దిగితే కాళ్ళ కింద ఫుట్‌పాత్ పడమర బెర్లిన్‌ది. జనం పడమరకి పారిపోకుండా తూర్పు ప్రభుత్వం 1961 ఆగస్టు 13న బోర్డర్ మూసేసింది, ఆ తర్వాత వీధి తలుపులకి, కిటికీలకి వరసగా ఇటుకలు పేర్చేశారు. ఇంకా మూయని పై అంతస్తు కిటికీల్లోంచి జనం దూకేవాళ్ళు, కింద ఫైరింజను వాళ్ళు దుప్పట్లు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఇడా జీక్‌మన్ అని ఒకావిడ ఆగస్టు 22న పరుపులు కిందకి విసిరేసి మూడో అంతస్తు నుంచి దూకింది, బతకలేదు. గోడ దగ్గర పోయిన మొదటి మనిషి ఆవిడే. 1989 దాకా కనీసం 140 మంది పోయారు, వాళ్ళ ఫొటోలు ఓ పొడవాటి తుప్పు రంగు ఇనప ఫ్రేములో చిన్న చిన్న గూళ్ళుగా పెట్టారు. కొన్ని గూళ్ళల్లో పసిపిల్లలు ఉన్నారు బాబాయ్, నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయా.

నీకు నచ్చేది అసలు ఆ చోటుని వాళ్ళు తయారు చేసిన పద్ధతి. 1989లో గోడ పడిపోయాక జనానికి అది కళ్ళముందు లేకపోతే చాలనిపించింది, బుల్డోజర్లు పెట్టి ఊడ్చేశారు. కొంచెమైనా ఉంచండి అని మన్‌ఫ్రెడ్ ఫిషర్ అనే పాస్టరు లాంటి కొద్దిమంది గొడవ పెట్టుకుంటే ఇక్కడ ఆ ముక్క మిగిలింది. 1998లో స్మారకం మొదలైతే, వీధి పొడుగునా ఒకటింబావు కిలోమీటరు పైన పెంచుకుంటూ పూర్తి చేసేసరికి 2014 అయ్యింది. అంత టైం తీసుకుని కూడా గోడ పోయిన చోట మళ్ళీ గోడ కట్టలేదు! తుప్పు రంగు ఇనప కడ్డీలు వరసగా పాతారు. పక్కనుంచి చూస్తే గోడలా కనబడుతుంది, ఎదురుగా నిలబడితే కడ్డీల మధ్యలోంచి అవతలకి నడిచి వెళ్ళిపోవచ్చు. కూల్చేసిన ఇళ్ళు ఎక్కడున్నాయో నేల మీద గీతలు పెట్టారు. అదే మన దగ్గరైతే ఫైబర్‌తో కొత్త గోడ, దానికి ఎల్‌ఈడీ లైట్లు, ముందు ఐ లవ్ అని పెద్ద అక్షరాలు, నాకు తెలుసు నీకూ తెలుసు.

గోడ వెంబడి తూర్పు సైనికులు కాపలా కాసే ఖాళీ స్థలం మధ్యలో 1894 నాటి చర్చి ఒకటి ఇరుక్కుపోయి ఉండేది, 1985లో తూర్పు ప్రభుత్వం దాన్ని పేల్చేసింది. 2000లో అదే చోట చిన్న ప్రార్థన మందిరం కట్టారు, సిమెంటుతో కాదు, మట్టితో. పాత చర్చి ఇటుక ముక్కలు ఆ మట్టిలోనే కలిపి దిమ్మిస కొట్టారు, ఆ మందిరం గోడ దగ్గరికెళ్తే ఎర్ర పెంకులు కనిపిస్తాయి, మన తాతగారింటి పాత మట్టిగోడ ముట్టుకున్నట్టే ఉంది. పక్కనే రై అనే ధాన్యం పండిస్తారు, కాల్పులు జరిగిన నేల మీద.

నువ్వు వాఘా గురించి అడుగుతావని తెలుసు, అక్కడ జనం ఊగిపోతారు కదా అని. నిజమే, 1959 నుంచి జరుగుతున్న పరేడ్, వేల మంది పట్టే గ్యాలరీ, నువ్వు తీసుకెళ్ళినప్పుడు మామ్మగారు కూడా లేచి భారత్ మాతాకీ జై అన్నారని చెప్పావు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అది ఇప్పటికీ రెండు సైన్యాలు కాపలా కాస్తున్న బోర్డర్. ఇక్కడ బోర్డరే లేదు, అరవడానికి అవతల ఎవరూ లేరు, ఉన్నదంతా సొంతవాళ్ళనే కాల్చిన కథ. దానికి గ్యాలరీ పనికిరాదు.

ఇంకో ఊరు చెప్తా, నీ గ్రూపుకి కాదులే, నీకోసం. మేం ఉండేచోటు నుంచి ఉత్తరానికి హైవే మీద వెళ్తే వస్తుంది, మ్యోడ్లరాయిట్ అని, మొత్తం ఊళ్ళో యాభై మంది ఉంటారేమో. ఊరి మధ్యలో టాన్‌బాఖ్ అని ఓ వాగు, వాగంటే మళ్ళీ గోదావరి అనుకునేవు, మన పంట కాలవంత కూడా లేదు, మా పిల్లాడు దూకేశాడు. 1810 నుంచీ అది రెండు రాజ్యాల సరిహద్దు, ఎవరూ పట్టించుకోలేదు, పిల్లలు ఒకే బడికి వెళ్ళేవాళ్ళు. యుద్ధం తర్వాత అటు రష్యా, ఇటు అమెరికా. 1952లో తూర్పు వాళ్ళు చెక్క కంచె వేశారు, 1966లో 700 మీటర్ల కాంక్రీట్ గోడ. అటువైపు వాళ్ళు ఇటున్న చుట్టాలకి చెయ్యి ఊపడం కూడా నిషేధం! ఇటువైపు నుంచి మాత్రం టూరిస్టులు వచ్చి చూసేవాళ్ళు, 1983లో అమెరికా ఉపాధ్యక్షుడిగా ఉన్న జార్జ్ బుష్ కూడా వచ్చాడు, అమెరికా సైనికులైతే దీన్ని లిటిల్ బెర్లిన్ అనేవాళ్ళు. 1973లో ఒకాయన నిచ్చెన వేసుకుని ఇవతలకి దూకి బతికిపోయాడు.

గోడ పడ్డాక 1990లోనే మ్యూజియం పెట్టాలని పూనుకున్నారు. గోడలో ఓ వంద మీటర్లు, వాచ్ టవర్ ఉంచేశారు. ఇక్కడ మాత్రం కంచెలు కొన్ని మళ్ళీ వేసి చూపించారు, బెర్లిన్ పద్ధతి కాదిది, మా ఆయనకి ఇదే నచ్చింది, పిల్లలకి అర్థమవుతుందట. నాకైతే అసలు గోడ ఏదో, తర్వాత పెట్టింది ఏదో అని అనుమానం వచ్చింది. ఇప్పటికీ ఊరు సగం బవేరియా రాష్ట్రం, సగం తూరింగియా రాష్ట్రం, పిన్‌కోడ్లు రెండు, మేయర్లు ఇద్దరు. ఆ ఇళ్ళ మధ్యే మనం ఫోన్ పట్టుకుని తిరుగుతాం, ఓ పెద్దావిడ దండెం మీద బట్టలు ఆరేసుకుంటూ మా వైపు చూసి మళ్ళీ తన పని చూసుకుంది. పార్కింగ్ ఊరి అంచున పెట్టారు, బస్సులు లోపలికి రావు, ఆ ఒక్క పని మన యాత్రా స్థలాల్లో చేసినా సగం గోల తగ్గుతుంది.

సరే, పనిమాట. బెర్నవర్ స్ట్రాసేకి రెండు గంటలు పెట్టు, సోమవారం వద్దు, లోపలి ఎగ్జిబిషన్ మూసేస్తారు, బయటదైతే రోజూ తెరిచే ఉంటుంది. వీధికి ఎదురుగా ఉన్న టవర్ ఎక్కించు, పైనుంచే ఆ ఖాళీ స్థలం మొత్తం అర్థమవుతుంది, మెట్లెక్కలేని వాళ్ళని కింద కూర్చోబెట్టు. బస్సులోనే తెలుగులో ముందుగా పదినిమిషాలు చెప్పేవాడు కావాలి, అక్కడి బోర్డులు జర్మన్, ఇంగ్లీషే. నువ్వు తారీఖులు ఖాయం చేస్తే నేను సెలవు పెట్టుకుని వచ్చి చెప్తా, ఫీజుగా పిన్నితో అర కిలో కందిపొడి, రెండు సీసాల మాగాయ పంపించు, కస్టమ్స్ వాడు అడిగితే మందులని మాత్రం చెప్పకు.

నీ చిట్టి