పులిహోర వద్దన్న పిల్లవాడు

సంపాదకుడి గారికి,

నమస్కారం. మొహర్రం వచ్చిందంటే మీ జిల్లా పేజీలో మన నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగ ఫోటో ఖాయం. మోకాలి లోతు నీళ్లలో ఆడవాళ్లు, తలల మీద కొంగులు, చేతుల్లో రొట్టెలు, పైన 'మత సామరస్యానికి ప్రతీక' అన్న శీర్షిక. నాకేం అభ్యంతరం లేదు. ఆ ఫోటోల్లో ఏదో ఒక మూల నేనూ ఉండే ఉంటాను. అయితే వినాయక చవితి తర్వాత మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాసింది చదివాక మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు అయింది. రొట్టెల పండుగ జరిగే ఊళ్లో ఉంటూ పక్కింటివాళ్లు ఇచ్చిన ప్రసాదం తీసుకోకపోవడం ఈ ఊరి మంచితనాన్ని కాదనడమే అని ఆయన వాదన.

ఆ ఉత్తరం వచ్చిన వారమే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా పెట్టారు. చవితి చందా ఇవ్వని ఫ్లాట్ల నంబర్లు. మూడే ఉన్నాయి. అందులో రెండు క్రైస్తవ కుటుంబాలవి. మూడోది నాస్తికుడైన ఒక బ్యాంకు ఉద్యోగిది. కింద ఎవరో నవ్వే బొమ్మ కూడా పెట్టారు. లిఫ్టు రిపేరుకు డబ్బులు ఎగ్గొట్టినవాళ్ల పేర్లు మాత్రం మా గ్రూపులో ఎప్పుడూ రాలేదు. అది వేరే సంగతి.

నేను ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని. ఈ విషయంలో పక్కవాళ్లకు నీతులు చెప్పే ముందు నేను చేసిన పని ఒకటి చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మాట. బడిలో సరస్వతీ పూజ చేశాం. పిల్లలందరికీ విస్తరాకు ముక్కల్లో పులిహోర పెడుతున్నాం. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు చేతులు వెనక్కి పెట్టుకుని "వద్దు సార్" అన్నాడు. ఆకలిగా లేదేమో అనుకున్నా. "ఇంటికి తీసుకుపో" అన్నాను. మళ్లీ వద్దన్నాడు. వాళ్లది క్రైస్తవ కుటుంబమని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "ఏరా, ఈ నాలుగు మెతుకులు తింటే మీ దేవుడు అలుగుతాడా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఆ పూట బాగానే అనిపించింది. దాచుకోవడం ఎందుకు?

మర్నాడు పొద్దున వాళ్లమ్మ వచ్చింది. కూలికి పోయే మనిషి. ఆ రోజు పని మానుకుని వచ్చింది. పోట్లాటకు వచ్చిందనుకుని నేను గట్టిగా మాట్లాడటానికి సిద్ధపడ్డాను. ఆవిడ మాత్రం గుమ్మం బయటే నిలబడి, "అయ్యవారూ, మావోడు మిమ్మల్ని తక్కువ చేసి కాదు. విగ్రహానికి పెట్టింది తినకూడదని మా ఇంట్లో చెప్పుకుంటాం. వాడికి పులిహోరంటే ప్రాణం. ఇంట్లో చేస్తే గిన్నె నాకుతాడు" అంది. ఇంకేమీ అనలేదు. వెళ్లిపోయింది.

ఆ చివరి మాటే నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు. అంత ఇష్టమైనదాన్ని అందరూ చూస్తుండగా, పంతులు ఎగతాళి చేస్తుండగా, ఒక మాటకు కట్టుబడి వద్దనుకున్నాడు పదమూడేళ్లవాడు. మా ఇంట్లో కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండి సాయంత్రానికి ఏడుసార్లు గడియారం చూసుకునే నాకు ఆ నిగ్రహం లేదు.

ఇంకో సంగతీ అప్పుడే తట్టింది. మా నాయనమ్మ బయటివాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. దాన్ని మేం మడి అన్నాం, ఊరంతా గౌరవించింది. ఆ మడిలో కులం పాలు ఎంతో నాకు తెలుసు, దాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ ఆవిడ వద్దంటే నిష్ఠ అన్న నోటితోనే, కూలి మనిషి కొడుకు వద్దంటే పొగరు అన్నాం. పైగా అదే నాయనమ్మ, పిల్లలు దక్కడం లేదని కసుమూరు మస్తాన్‌వలీ దర్గాకు వెళ్లి మొక్కుకుంది. అందుకే నా పేరులో మస్తాన్ ఉంది. మా జిల్లాలో ఇది వింతేమీ కాదు. నా క్లాసుల్లో ఏటా ముగ్గురో నలుగురో మస్తానయ్యలు ఉండేవాళ్లు. వాళ్లలో విభూతి పెట్టుకునేవాళ్లూ ఉండేవాళ్లు.

తర్వాత కుతూహలం కొద్దీ బైబిలు తెచ్చుకుని చూశాను. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో ఈ సంగతే ఉంది. విగ్రహానికి పెట్టిన తిండి గురించి అక్కడి విశ్వాసులకే తగాదా వచ్చింది. పౌలు అక్కడ తిండి గురించి చెప్పిందానికంటే, పక్కవాడి మనస్సాక్షిని నొప్పించొద్దని చెప్పిందే ఎక్కువ. నేను ఎగతాళి చేసింది దేన్నో అప్పుడు తెలిసింది.

స్టాఫ్‌రూమ్‌లో క్రైస్తవుల గురించి మాటలు వస్తే ఎవరో ఒకరు "కరువులో బియ్యం కోసం మారినవాళ్లేగా" అని తేల్చేసేవారు. ఒంగోలు చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. 1876-78 ధాత కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి పని చూపించాడు. ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని. అది ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి గుడి గుమ్మం తొక్కనివ్వనివాళ్లు, ఇంకో గుమ్మం ఎందుకు తొక్కావని అడగడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇక నా సంగతి. మా ఆవిడకు జబ్బు చేసిన ఏడాది రొట్టెల పండుగకు, స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గాకు వెళ్లాను. పద్ధతి మీ పాఠకులకు తెలిసిందే. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకు చెరువు నీళ్లలో నిలబడి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. నేను ఆరోగ్య రొట్టె అడిగాను. తమిళం మాట్లాడే ఒక ముసలావిడ ఇచ్చింది. నా పేరు అడగలేదు. ఏ ఊరని అడగలేదు. రొట్టె నా చేతిలో పెట్టి, చేతిని రెండు చేతులతో ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

మా ఆవిడ దక్కలేదు. మరుసటి ఏడు రొట్టె తీసుకెళ్లే అర్హత నాకు లేదు. అయినా వెళ్లి గట్టున కూర్చున్నాను. ఆ ముసలావిడ గుర్తొచ్చింది. ఎవరి కోసమో తెలియకుండానే పిండి కలిపి, రొట్టె కాల్చి, బస్సెక్కి మోసుకొచ్చింది కదా! నేను అప్పటిదాకా దేవుణ్ని అడిగిందంతా నా ఇంటి గురించే. అప్పటినుంచి శనివారం రంగనాయకుల గుడికి వెళ్లినప్పుడు గోత్రనామాల దగ్గర బయటివాళ్ల పేర్లు కూడా చెప్పిస్తాను. కొందరి గోత్రం నాకు తెలియదు, కొందరికి గోత్రమే ఉండదు. మొదట్లో పూజారిగారు తలెత్తి చూసేవారు. ఇప్పుడు చూడటం మానేశారు. మతం నాకిచ్చింది ఇంతే. నాకిది చాలు. ఇది అందరికీ ఇలాగే ఉండాలని నేనెలా అనగలను?

ఎందుకంటే దర్గా విషయంలో నా స్నేహితుడే నాతో ఏకీభవించడు. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు. ఐదు పూటలా నమాజు చదివే మనిషి. మొక్కుకోవాల్సింది అల్లా ఒక్కడికేనని, దర్గాలో కోరికలు కోరడం తన నమ్మకానికి ఒప్పదని ఆయన ఎప్పుడో చెప్పేశారు. నాకోసం కూడా ఒక్కసారి రాలేదు. మొదట్లో కష్టంగా ఉండేది. "మీ వాళ్ల పండగకు నేను వస్తుంటే మీరు రారేంది సార్?" అని అన్నాను కూడా. ఆయన నవ్వి ఊరుకున్నారు. కానీ చెరువుకు పోయే దారిలోనే వాళ్ల ఇల్లు. పండుగ రోజులన్నీ గేటు బయట బల్ల వేసి, నీళ్ల కుండలు పెట్టి, ఆయనే నింపుతూ ఉంటారు. నీళ్లు తాగినవాళ్లు ఆయన పండుగ చేసుకుంటున్నారనే అనుకుంటారు. ఆయన దిద్దరు.

మన ఊరి పేరు చెప్పగానే తిక్కన పేరు తెస్తారు. తేవాల్సిందే. శైవులూ వైష్ణవులూ ఒకరినొకరు సహించలేని 13వ శతాబ్దంలో, ఇక్కడే మనుమసిద్ధి కొలువులో ఉంటూ, తన భారత పర్వాలను హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. గొడవల్లేని పాత రోజులంటూ ఏమీ లేవన్నమాట. కాకపోతే హరిహరనాథుడు కుదిరింది హరికీ హరుడికీ. లెక్కల మాస్టారినీ, ఆ కూలి మనిషినీ, నన్నూ, బ్యాంకు ఉద్యోగినీ కలిపి ఒక దేవుణ్ని చేయడం తిక్కన వల్ల కూడా కాదు. ఎవరూ అడగలేదు కూడా. 'అన్ని మతాలూ ఒకటే' అని సభల్లో అంటుంటారు. వినడానికి బాగుంటుంది. ఆ మాట వెంటే "అయితే ప్రసాదం తినడానికేం?" అన్న ప్రశ్న వస్తుంది. ఒకటి కావు కాబట్టే గౌరవం అనేది అవసరమైంది.

రాజ్యాంగం 25వ అధికరణ మొదట చెప్పేది అంతఃకరణ స్వేచ్ఛ గురించే. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వస్తున్నప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి వాళ్లను బయటికి పంపింది. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు నా ఎనిమిదో తరగతి గది గుర్తొచ్చింది. ఆ పిల్లవాడూ లేచి నిలబడే ఉన్నాడు.

అందుకని మొన్న మా అసోసియేషన్ మీటింగులో లేచి, ఆ జాబితా తీసేయమని అడిగాను. పండుగ చందా ఇష్టమున్నవాళ్లే ఇవ్వాలని, మెయింటెనెన్సులో కలపకూడదని కూడా అన్నాను. పనిలో పనిగా రాత్రి పదింటి తర్వాత మైకు కట్టేయాలన్నాను. అది ఎలాగూ చట్టమే, గుడికీ మసీదుకీ చర్చికీ ఒకటే చట్టం. మైకు మాటకు చప్పట్లు కొట్టారు, పరీక్షలకు చదివే పిల్లలున్న ఇళ్లు కదా. జాబితా మాటకు మాత్రం సెక్రటరీ గారు "చూద్దాం సార్" అన్నారు. రెండు రోజులకు జాబితా పోయింది. నవ్వే బొమ్మ ఇంకా ఉంది.

మీకో మనవి. వచ్చే రొట్టెల పండుగకు మీ ఫోటోగ్రాఫర్ ఎప్పటిలాగే చెరువులోకి దిగుతారు. గట్టు ఎక్కాక ఒకసారి ఆ నీళ్ల కుండల దగ్గర ఆగమనండి. ఎండలో తిరిగి ఉంటారు, దాహం తీరుతుంది. ఫోటో తీయాలంటే మాత్రం ముందు మాస్టారిని అడగమనండి. వద్దంటే ఎందుకని అడక్కుండా వదిలేయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లూరు