చైకోవ్‌స్కీని మాయం చేసి, మాకు చాట్‌బాట్‌ను అప్పగించిన కంపెనీకి

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: మీ యాప్‌లోంచి రష్యన్ స్వరకర్తలు చెప్పాపెట్టకుండా మాయమవడం, ఎందుకని అడిగితే జవాబు చెప్పే నాథుడు లేకపోవడం.

అయ్యా,

మీ శాస్త్రీయ సంగీతం యాప్‌కు మొదటి నుంచీ చందా కడుతున్న శ్రోతలం. అందులో వెతికితే ఏదీ సరిగ్గా దొరకని రోజుల్లో కూడా పక్క కంపెనీ గడప తొక్కలేదు. మీ ఏజెంట్లు ప్రతిసారీ "మీరు మాకెంతో విలువైన కస్టమర్" అనే మొదలుపెడతారు. ఆ విలువ ఏపాటిదో తర్వాతి వాక్యంలోనే తేలిపోతుంది.

చైకోవ్‌స్కీ, రహ్మానినోవ్, ప్రొకోఫియెవ్ పేర్లు కొడితే "ఫలితాలు లేవు" అని వస్తోందని రాశాం. యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాం. క్యాష్ క్లియర్ చేయమన్నారు. చేశాం. ఫోన్ మోడల్ అడిగారు, స్క్రీన్‌షాట్ అడిగారు, పంపితే అందలేదని మళ్లీ అడిగారు. 1893లో పోయిన చైకోవ్‌స్కీ మా ఫోన్‌లో మెమరీ చాలక కనిపించడం లేదని నమ్మించడానికి మీవాళ్లు పడ్డ పాట్లు చూస్తే జాలేసింది. తర్వాత వచ్చినాయన "ప్రాంతీయ హక్కుల సమస్య" అన్నాడు. అదే లేబుల్ (రికార్డింగ్ కంపెనీ), అదే ఆర్కెస్ట్రా వాయించిన బీథోవెన్ నిక్షేపంగా మోగుతుంటే హక్కులు చైకోవ్‌స్కీ దగ్గరే ఎందుకు ఆగాయని అడిగేసరికి చాట్ కట్టయింది. సూపర్‌వైజర్ గారు మాత్రం "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా" అని సగం వాక్యం చెప్పి, మిగతాది పై టీమ్ చూసుకుంటుందన్నారు. పై టీమ్ ఏం చూసిందో తెలియదు గానీ, ఫిర్యాదు పరిష్కారమైందని మెయిల్ వచ్చింది. కింద అయిదు నక్షత్రాలు, మా సేవ ఎలా ఉందో చెప్పండంటూ.

ప్రస్తుత పరిస్థితులంటే ఉక్రెయిన్ మీద రష్యా చేస్తున్న యుద్ధమని మేమే ఊహించుకోవాలి కాబోలు. యుద్ధం చేస్తున్న దేశపు సంస్కృతిని దూరం పెట్టాలనేవాళ్ల వాదన కొట్టిపారేసేదేం కాదు. ఉక్రెయిన్ నగరం ఖెర్సోన్ రష్యా ఆక్రమణలో ఉన్న రోజుల్లో అక్కడ రష్యన్ కవి పుష్కిన్ బొమ్మతో ప్రచార హోర్డింగులు వెలిశాయి. 2022 డిసెంబరులో ఉక్రెయిన్ సంస్కృతి మంత్రి ఒలెక్సాండర్ త్కచెంకో, యుద్ధం ముగిసేదాకా చైకోవ్‌స్కీని పక్కన పెట్టమని మిత్రదేశాలను బాహాటంగా అడిగారు. మీరూ అలా ఒక్క వాక్యం రాసిపెట్టి ఉంటే మీతో వాదనకు దిగేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులు పడుతున్న లండన్‌లోనే బ్రిటిష్ పియానిస్ట్ మైరా హెస్ నేషనల్ గ్యాలరీలో జర్మన్ స్వరకర్తలైన బాఖ్, బీథోవెన్‌లను వినిపించిన సంగతి గుర్తుచేసేవాళ్లం. వాదించడానికి అవతల మనిషంటూ ఉంటే కదా.

మీవాళ్లు నోరు విప్పకపోయినా మీ కేటలాగే చెబుతోంది. స్వరకర్త వివరాల్లో దేశం అన్నచోట రష్యా అని ఉన్నవన్నీ ఒక్క ఫిల్టర్‌తో దాచేశారు. దాంతో ఉక్రెయిన్‌లోని దొనేత్స్క్ ప్రాంతంలో పుట్టిన ప్రొకోఫియెవ్ పోయాడు. 1917లో రష్యా వదిలి, 1943లో అమెరికా పౌరుడిగా చనిపోయిన రహ్మానినోవ్ పోయాడు. యుద్ధాన్ని ఖండించనందుకు 2022 మార్చి 1న మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా తొలగించిన రష్యన్ కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించే వ్యక్తి) వలేరీ గెర్గియెవ్ మాత్రం ఉన్నాడు! లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో ఆయన చేసిన మాలర్ రికార్డింగులు దర్జాగా మోగుతున్నాయి, ఎందుకంటే మాలర్ దేశం ఆస్ట్రియా.

రష్యాకు డబ్బు చేరకూడదన్నది మీ ఉద్దేశమైతే లెక్క ఇంకా అధ్వానం. ఒక ట్రాక్ వింటే రెండు వాటాలు పుడతాయి. రికార్డింగ్ వాటా లేబుల్‌కూ దాని ఒప్పందం ప్రకారం వాయించినవాళ్లకూ, రచన వాటా పబ్లిషర్‌కూ స్వరకర్త వారసులకూ. చైకోవ్‌స్కీ రచనలకు ఆ రెండో వాటాయే లేదు, కాపీరైట్ ఏనాడో తీరిపోయింది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో కండక్టర్ కరాయన్ చేసిన రికార్డింగ్ వింటే ఆ పైసలు రష్యాకు కాదు, ఆ రికార్డింగ్ లేబుల్‌కు వెళ్తాయి. మరో రష్యన్ స్వరకర్త షొస్తకోవిచ్ సంగతి వేరు. ఆయన పోయింది 1975లో, స్వరకర్త పోయాక 70 ఏళ్లు హక్కులుండే దేశాల్లో అవి 2045 చివరిదాకా ఉంటాయి. కాబట్టి చూడాల్సింది లేబుల్ యజమాని ఎవరు, పబ్లిషర్ ఎవరు, బతికున్న కళాకారుడు ప్రభుత్వంతో అంటకాగుతున్నాడా అని. ఈ మూడూ వదిలేసి దేశం పేరు పట్టుకున్నారు.

పద్ధతిగా చేసినవాళ్లు లేకపోలేదు. 2022 ఫిబ్రవరి చివర్లో బెర్లిన్‌లో కండక్టర్ వ్లదీమిర్ యురోవ్‌స్కీ, చైకోవ్‌స్కీ దేశభక్తి రచన స్లావ్ మార్చ్ తీసేసి ఉక్రెయిన్ జాతీయగీతం వాయించారు, అదే కచేరీలో చైకోవ్‌స్కీ ఐదో సింఫనీని ఉంచారు. మీ దారి కెనడాలోని మాంట్రియల్ సింఫనీ ఆర్కెస్ట్రాది. ఆ ఏడాది మార్చిలో, యుద్ధాన్ని తప్పుపట్టిన 20 ఏళ్ల రష్యన్ పియానిస్ట్ అలెగ్జాండర్ మలొఫెయెవ్ కచేరీలను అది రద్దు చేసింది. అయినా వాళ్లు కనీసం ప్రకటన ఇచ్చారు.

తీసినవి తిరిగి పెడతారో, ఏ నియమం ప్రకారం తీశారో రాసిస్తారో, మిగిలిన చందా వెనక్కిస్తారో మీ ఇష్టం. మనిషి రాసిన జవాబు మాత్రం కావాలి. ఈసారీ తిప్పించుకుంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఈ లేఖ ప్రతిని మీరు దాచిన రికార్డింగుల లేబుళ్లకు కూడా పంపుతున్నాం. వాళ్లకు రావాల్సిన వాటా ఎందుకు ఆగిందో వాళ్లకైనా మీరే చెప్పుకోండి.

ఇట్లు,
మీ చందాదారులు